బోర్డర్ కోలీతో పశువులు తోలే పోటీ పని: కృష్ణా, గుంటూరు వైపు ఎవరైనా చేస్తున్నారా?

లంకగాలి (విజయవాడ), నవంబరు 9

అందరికీ నమస్కారం. భవానీపురంలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. 2 ఏళ్ళ బోర్డర్ కోలీ (మందలు తోలే కాపరి జాతి కుక్క) ఉంది, ఆడది, పేరు కాటుక. అమ్మినాయన "ఫ్లాట్‌లో హాయిగా ఉంటుంది, రోజూ పావుగంట తిప్పితే చాలు" అన్నాడు. పొద్దున గంట, సాయంత్రం గంట పరుగెత్తించినా దానికి చాలడం లేదు. బాల్కనీలో కూర్చుని కింద పోయే ఆటోలను ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్ళతో తోలుతూ ఉంటుంది.

దసరాకి తోట్లవల్లూరు దగ్గర మా మేనమామ ఊరు తీసుకెళ్ళాను. మామయ్యకి 14 పాడి గేదెలు, పడ్డలు వేరే. పగలు లంకలో మేపుతారు. సాయంత్రం ఇంటికి మళ్ళేస్తుంటే కాటుక పగ్గం విడిపించుకుంది. నాకు గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే గేదెల మీదికి పోలేదు. దూరంగా పెద్ద చుట్టు తిరిగి వాటి వెనక్కి వెళ్ళి, తల నేలబారుగా దించి, ఒక ముందు కాలు ఎత్తినది ఎత్తినట్టే ఉంచి నిలబడిపోయింది. ఒక్క మొరుగు లేదు. మేస్తున్న గేదెలన్నీ తలెత్తి దానివైపే చూశాయి. ఇది దానికి ఎవరూ నేర్పలేదు.

ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. విదేశాల్లో కుక్కలతో ఆవుల్ని తోలించే పోటీలు జరుగుతాయని వీడియోల్లో చూశాను. వాటిలో ఏం చూసి మార్కులు వేస్తారు? మన గేదెలతో ఆ పని నేర్పవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

తెనాలి_తిరిగొచ్చా (తెనాలి), నవంబరు 9

చెల్లెమ్మా, మీరు రాసింది చదివి ఇప్పటికి రెండుసార్లు మళ్ళీ చదివాను. మీ కాటుక చేసినదాన్ని ఆ పోటీల్లో అవుట్‌రన్ అంటారు. పశువులు బెదరకుండా దూరంగా చుట్టు తిరిగి వెనక్కి చేరడం. అది రక్తంలో ఉన్న పని. నేర్పాల్సింది అది కాదు, ఎప్పుడు ఆగాలో నేర్పాలి.

నేను 11 ఏళ్ళు టెక్సాస్‌లో ఉన్నాను. అక్కడ ఆస్ట్రేలియన్ షెపర్డ్ అనే కాపరి జాతి కుక్కని పెంచాను, రాయుడు అని పిలుస్తాను. ఇప్పుడు తొమ్మిదో ఏడు, నాతోపాటే తెనాలి వచ్చేశాడు. వాడితో ఆరేళ్ళు ట్రయల్స్‌కి, అంటే ఈ పోటీలకి, తిరిగాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కుక్కలతో మందలు తోలే పోటీల్లో బాగా ప్రసిద్ధమైన తొలి పోటీ 1873లో వేల్స్‌లోని బాలా అనే ఊళ్ళో గొర్రెలతో జరిగింది. గెలిచింది మాత్రం స్కాట్లాండ్ మనిషి, అతని కుక్క పేరు ట్వీడ్. 1906లో అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ పుట్టింది. ఇలాంటి గొర్రెల పోటీల్లో 100 మార్కుల్ని మామూలుగా ఇలా పంచుతారు: చుట్టు తిరిగి వెనక్కి చేరడానికి 20, మంద మొదటి అడుగు వేసే తీరుకి 10, యజమాని దగ్గరికి తేవడానికి 20, దూరంగా తోలడానికి 30, మందని విడదీయడానికి 10, దొడ్డిలో పెట్టడానికి 10. మొదటి అడుగు కోసమే విడిగా 10 పెట్టారు చూడండి. మంద ఉలిక్కిపడి లేచిందా, నిదానంగా కదిలిందా అన్నదాన్ని బట్టి ఆ 10 ఇస్తారు. ఆ మొదటి అడుగు చెడితే మిగతా దారంతా పరుగే.

ఆవులతో చేసేది దీనికి చుట్టం. నేను పాల్గొన్నవి ఆస్ట్రేలియన్ షెపర్డ్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ళవి. బాతులు, గొర్రెలు, ఆవులు మూడు విభాగాలు. ఒక్కోదాంట్లో స్టార్టెడ్, ఓపెన్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. మూడింట్లోనూ అడ్వాన్స్‌డ్ దాటిన కుక్కకి వర్కింగ్ ట్రయల్ ఛాంపియన్ బిరుదు. కంచె వేసిన మైదానంలో ఒక మూల దొడ్డి ఉంటుంది. గేటు తీసి కుక్కతో ఆవుల్ని బయటికి తెప్పించాలి, కంచె వెంబడి పెట్టిన గేట్ల మధ్య నుంచి తోలాలి, మైదానం నడుమ ఇరుకు సందు దాటించాలి, తిరిగి దొడ్డిలో పెట్టాలి. చేతిలో కర్ర ఉండొచ్చు, ఆవుని కొట్టకూడదు. టైము పరిమితి ఉంటుంది, కానీ తొందరపడితే మార్కులు పోతాయి. చూడ్డానికి ఏమీ జరగనట్టు ఉండే పరుగే మంచి పరుగు.

రేపు ఇంకొంచెం రాస్తాను. ఈలోపు కాటుకని మళ్ళీ పగ్గం లేకుండా గేదెల దగ్గరికి వదలొద్దు.

ఉండవల్లి_కాలవ (తాడేపల్లి), నవంబరు 10

నాకు ఇది నచ్చలేదు, సూటిగానే చెబుతున్నాను. పాడి పశువులు మన ఇంట్లో మనుషుల్లాంటివి. కుక్కని వాటి మీదికి ఉసిగొల్పి దాన్ని పోటీ అనడం ఏమిటి? చిన్నప్పుడు మా వీధి కుక్కలు మా చూడి గేదెని తరిమితే అది కాలవలో పడింది. నాలుగో రోజు చచ్చిన దూడని ఈనింది. మా అమ్మ ఏడవడం నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. వేడుక కోసం ఒక జంతువుని ఇంకో జంతువు మీదికి ఎగదోయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

గన్నవరం_వైద్యం (గన్నవరం), నవంబరు 10

నేను పశువైద్యురాలిని, ఇక్కడి ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలోనే చదివాను. ఉండవల్లి గారి బాధ న్యాయమైనది. తరమడం వేరు, తోలడం వేరు. అయితే ఆ తేడా కుక్కకి నేర్పకముందు గేదెకి రెండూ ఒకటే. దానికి తెలిసింది భయం ఒక్కటే.

పాలు చేపాలంటే ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలవ్వాలి. గేదె బెదిరితే అడ్రినలిన్ వచ్చి దాన్ని అడ్డుకుంటుంది. దూడని వదిలినా, పొదుగు కడిగినా చేపదు. అందుకని లంకగాలి గారూ, పాలిచ్చేవి, చూడివి, దూడ తల్లులు, ఈ మూడింటి దగ్గరికీ కుక్కని తీసుకెళ్ళొద్దు. ఎదకు రాని పడ్డలు గానీ పెయ్యలు గానీ ఉంటే వాటితోనే. కాటుకకి రేబిస్, లెప్టోస్పైరోసిస్ టీకాలు ఉన్నాయా? గేదెలు పడుకునే మడుగుల దగ్గర తిరిగే కుక్కకి రెండోది చాలా ముఖ్యం.

తాడికొండ_గిత్త (తాడికొండ), నవంబరు 11

నాకు 61 ఏళ్ళు. పాతికేళ్ళు బండలాగుడు పోటీలకి ఒంగోలు గిత్తల్ని తయారుచేశాను. మా ఊరికి దగ్గర్లోనే లాం ఫారం, ఒంగోలు జాతి పశువుల పరిశోధన కేంద్రం. చిన్నప్పుడు నాన్న సైకిలు మీద ఎక్కించుకుని అక్కడి ఆంబోతుల్ని చూపించడానికి తీసుకెళ్ళేవాడు. కుక్కలతో తోలడం నేను చూడలేదు గానీ పశువు ఎటు ఎందుకు కదులుతుందో మాత్రం తెలుసు.

పశువు కళ్ళు పక్కలకి ఉంటాయి. ముందుకు చూస్తూనే వెనక చాలావరకు చూస్తుంది. తోక వెనక ఉన్న కాస్త మేర మాత్రం దానికి కనిపించదు. అక్కడికి అకస్మాత్తుగా పోతే తంతుంది, తప్పు దానిది కాదు. మూపు పక్కన నిలబడి చూడమ్మా. మూపు దాటి ఒక అడుగు వెనక్కి వేస్తే పశువు ముందుకు కదులుతుంది. మూపు దాటి ఒక అడుగు ముందుకు వేస్తే ఆగుతుంది, లేకపోతే వెనక్కి మళ్ళుతుంది. నోరు అక్కర్లేదు, ముల్లుగర్ర అక్కర్లేదు. కుక్కకి ఈ సంగతి పుట్టుకతో తెలిసి ఉంటే అది నాకంటే అదృష్టవంతురాలు. నాకు పదేళ్ళు పట్టింది.

తెనాలి_తిరిగొచ్చా, నవంబరు 11

గిత్త గారూ, మీరు చెప్పినదాన్నే అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే శాస్త్రవేత్త పాయింట్ ఆఫ్ బ్యాలెన్స్ అని బొమ్మలు గీసి పుస్తకాల్లో పెట్టారు. శిక్షణకి వెళ్ళిన ప్రతివాళ్ళకీ మొదటి పాఠం అదే. రెండో పాఠం ఫ్లైట్ జోన్. ప్రతి పశువు చుట్టూ కనిపించని గీత ఒకటి ఉంటుంది. దాని బయట ఉన్నంతసేపు పశువు నిన్ను చూస్తూ ఊరుకుంటుంది, లోపలికి అడుగు పెడితే కదులుతుంది, మరీ లోపలికి చొరబడితే పారిపోతుంది లేదా తిరగబడుతుంది. మంచి కుక్క ఆ గీత అంచు మీదే నడుస్తుంది. పశువు కదలగానే తను ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడమే పశువుకి ఇచ్చే బహుమతి. "నువ్వు కదిలావు, నేను తగ్గాను" అని చెప్పడం.

ఆజ్ఞల గురించి. సవ్యంగా, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, మంద చుట్టూ వెళ్ళడానికి కమ్ బై అంటారు, అపసవ్యానికి "ఎవే" అంటారు. నడిచి దగ్గరికి రా అంటే వాక్ అప్. పని చాలించమంటే దట్‌ల్ డూ. తెలుగులో పెట్టుకున్నా కుక్కకి ఇబ్బంది లేదు, మాటలు రెండూ ఒకదానికొకటి దూరంగా వినబడితే చాలు.

తాడికొండ_గిత్త, నవంబరు 11

దానికి కొత్త మాటలెందుకు? కాడి కట్టినప్పుడు ఎడమది దాపటెద్దు, కుడిది వలపటెద్దు. కుక్క మందకి ఎదురుగా ఉంటే మీరు చెప్పిన మొదటిది దాని ఎడమ చేతివైపు, అంటే దాప. రెండోది వలప. ఆగమనడానికి "హో" ఎలాగూ ఉంది.

లంకగాలి, నవంబరు 11

దాప, వలప, హో, చాలు. రాసి ఫ్రిజ్ మీద అంటించాను. పెద్దాయనకి దండాలు.

మంద_వెంట (నరసరావుపేట, ఉద్యోగం గుంటూరు), నవంబరు 13

మా నాన్న గొర్రెల కాపరి. కోతలయ్యాక డెల్టాకి మందని తోలుకెళ్ళి పొలాల్లో మంద కట్టేవాడు. గొర్రెల పెంట కోసం రైతులే పిలిచేవాళ్ళు. పదో తరగతి దాకా సెలవులన్నీ నాకు ఆ మంద వెంటే గడిచాయి.

మా దగ్గర ఎప్పుడూ రెండు కుక్కలు ఉండేవి. కానీ అవి కాపలా కుక్కలు. రాత్రి నక్కలు, దొంగలు రాకుండా మంద చుట్టూ పడుకునేవి. పగలు గొర్రెల్ని ముట్టుకునేవి కావు. మందని నడిపేది నాన్న నోరు. ముందు ఆయన "ట్రుయ్, ట్రుయ్" అంటూ నడిస్తే గొర్రెలు వెనక వచ్చేవి. నేను చివర కుంటివాటిని ఎత్తుకుని నడిచేవాణ్ణి. తెనాలి అన్నయ్య చెప్పే పద్ధతిలో కుక్క వెనక నుంచి ఒత్తిడి పెడితే మంద ముందున్న మనిషి దగ్గరికి వస్తుంది. మన పద్ధతిలో మంద మనిషి మీద నమ్మకంతో వస్తుంది. మన పశువులకి కుక్క అంటే ఇంతవరకు కాపలాదారో, దొంగో. వాటికి కొత్త సంగతి నేర్పుతున్నామని గుర్తుంచుకోవాలి. నేర్చుకోవాల్సింది కుక్క ఒక్కటే కాదు.

లంకగాలి, నవంబరు 24

జరిగింది దాచకుండా రాస్తాను. మీరు అందరూ వద్దన్నారు. కుక్కలకి శిక్షణ ఇస్తానని చెప్పుకునే ఒకాయన ఇక్కడే దొరికాడు. "మీరు ఊరికే భయపడుతున్నారు, ఒకసారి వదిలేస్తే అదే నేర్చుకుంటుంది" అన్నాడు. ఆయన్ని వెంటబెట్టుకుని నిన్న మామయ్య దగ్గరికి వెళ్ళాను.

గేదెలు కొట్టం బయట కట్టు విప్పి ఉన్నాయి. కాటుక చుట్టు తిరిగింది, వెనక్కి చేరింది, నిలబడింది. ఒక్క గేదె కూడా కదల్లేదు. ఆయన "ఉసికో, ఉసికో" అని కేకలు పెట్టాడు. ఆ కేకలకి కాటుక రెచ్చిపోయి మొదటిసారి మొరిగి లోపలికి దూకింది. కట్టుకొయ్య దగ్గర నెల దూడ ఉంది, నేను చూసుకోలేదు. తల్లి గేదె తల దించి వచ్చి కాటుకని కొమ్ముతో ఎత్తి పడేసింది. రెండు పడ్డలు కంచె దాటి చెరుకు తోటలోకి పోయాయి. చీకటి పడ్డాక గానీ దొరకలేదు. కాటుక పక్కటెముకల దగ్గర కమిలింది, ఎక్స్‌రేలో ఏమీ విరగలేదన్నారు. సాయంత్రం ఆ తల్లి గేదె చేపలేదు. ఇవాళ పొద్దున కూడా సగమే. మామయ్య నన్ను ఏమీ అనలేదు. అత్తయ్య కాటుకకి పసుపు పెట్టింది. నేను మాత్రం రాత్రంతా నిద్రపోలేదు.

తెనాలి_తిరిగొచ్చా, నవంబరు 24

బాధపడకు చెల్లెమ్మా. దెబ్బ పైపైనే పోయింది, అది చాలు. కుక్క ఎందుకు ఓడిపోయిందో చెబుతాను, అది తెలిస్తే ఇంకోసారి ఇలా జరగదు.

మామయ్య గారి గేదెలకి ఫ్లైట్ జోనే లేదు. రోజూ మనుషులు పొదుగు పట్టుకుని పాలు తీసేవి, పిల్లలు వీపెక్కి కాలవలో కడిగేవి. అలాంటివి దేనికీ జరగవు. జరగని పశువు మీద కుక్క నిలబడి చూపు పెడితే అది కూడా నిలబడి చూస్తుంది. అక్కడ ట్రయల్స్‌కి తెచ్చే ఆవులు రోజంతా బయలుమేతలో ఉండేవి, మనిషిని చూస్తే నాలుగు అడుగులు జరిగేవి. వాటిని కూడా పోటీకి ముందు అనుభవం ఉన్న కుక్కతో కొన్నాళ్ళు నెమ్మదిగా నడిపిస్తారు. కుక్కకి దారి ఇస్తే కుక్క తగ్గుతుంది అని ఆవు నేర్చుకోవాలి. కొత్త కుక్క, కొత్త ఆవు ఎదురుపడితే ఇద్దరూ చెడిపోతారు.

ఇంకోటి. కాటుక మొరిగి దూకింది ధైర్యంతో కాదు, బెదురుతో. ఇప్పటి బోర్డర్ కోలీల వంశాలు దాదాపు అన్నీ 1893లో ఇంగ్లండ్ ఉత్తరాన పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క దగ్గరికి చేరతాయి. దాని యజమాని ఆడమ్ టెల్ఫర్. ఆ కుక్కకి పేరు వచ్చింది మొరిగి కాదు, కరిచి కాదు. నిశ్శబ్దంగా చూపుతో పనిచేసి. మీ కాటుకలో ఉన్నది అదే. ఎవరో ఉసికొడితే దాన్ని మరిచిపోయింది.

ఆరు వారాలు పశువుల ఊసు వద్దు. గాయం మానాక బాతులతో మొదలుపెట్టండి. పోటీల్లో బాతుల విభాగం పెట్టింది ఊరికే కాదు. బాతులు గుంపుగా ఉంటాయి, నెమ్మదిగా నడుస్తాయి, కుక్క తప్పు చేస్తే వెంటనే చెదిరిపోయి చూపిస్తాయి, కుక్కని పొడిచి చంపవు.

కొల్లేటి_పక్షి (కైకలూరు), నవంబరు 25

కోత అయిన చేలల్లో రాలిన గింజల కోసం బాతుల మందలు ఇప్పుడే దిగుతున్నాయి. మీ వైపు కంకిపాడు దాకా కూడా వస్తాయి. వాళ్ళని అడిగి రోజుకో అరగంట, పది బాతులు చాలు. ముందే డబ్బు మాట్లాడుకోండి. ఒక్క బాతు చచ్చినా అది వాళ్ళ కూలి. గుడ్లు పెట్టే కాలంలో బెదిరితే గుడ్లు తగ్గుతాయి, అందుకని ముసలి మగబాతుల్ని అడగండి.

లంకగాలి, డిసెంబరు 21

ఉయ్యూరు దారిలో ఒక బాతుల కాపరి కుటుంబం ఒప్పుకుంది. ఎనిమిది మగబాతులు, ఆదివారాలు, పొద్దున 7 నుంచి అరగంట. ఇప్పటికి మూడు వారాలు అయ్యాయి.

మొదటి వారం కాటుక మరీ దగ్గరికి పోయేది. బాతులు మెడలు చాచి ఎనిమిది దిక్కులకీ పోయేవి. కాపరి గారి భార్య నవ్వకుండా, విసుక్కోకుండా ప్రతిసారీ వాటిని పోగుచేసి ఇచ్చింది. రెండో వారం నుంచి "హో" అంటే ఆగింది.

మొన్న ఒక సంగతి జరిగింది. బోదె మీద చిన్న తూము ఉంది, బాతులు అక్కడ ఇరుక్కుని ఆగిపోయాయి. కాటుక పది అడుగుల వెనక పొట్ట నేలకి ఆనించి పడుకుంది. నేను "దాప" అనబోయి ఆగాను. ముందున్న బాతు తల పక్కకి తిప్పి ఒక కన్నుతో కుక్కని చూసింది, ఇంకో కన్ను నీళ్ళ మీద ఉంది. కాటుక ముందుకాలు ఒకటి, నిజంగా వేలెడంత, ముందుకు జరిపింది. అంతే. ఆ బాతు నీళ్ళలోకి దిగింది, మిగతావి వరసగా దాని వెనక దిగాయి. కాటుక కాలు వెంటనే వెనక్కి తీసుకుంది. తెనాలి అన్నయ్య రాసిన "కదిలావు, తగ్గాను" అన్నది అప్పుడు కళ్ళారా చూశాను.

అడగాల్సింది ఒకటుంది. మామయ్య రేపు పడ్డలకి పురుగుల మందు, పిడుదుల మందు వేయిస్తానంటున్నారు. కాటుకని ఆ వైపు తీసుకెళ్ళొచ్చా?

గన్నవరం_వైద్యం, డిసెంబరు 21

ఇది అడిగినందుకు సంతోషం. దయచేసి అందరూ చదవండి.

పశువులకి వేసే మందుల్లో ఐవర్‌మెక్టిన్ చాలా సాధారణం. కొన్ని కాపరి జాతి కుక్కల్లో ఎమ్‌డీఆర్ 1 అనే జన్యువులో లోపం ఉంటుంది. ఆ లోపం ఉన్న కుక్కలో ఈ మందు మెదడులోకి చేరిపోతుంది. తూలడం, చూపు పోవడం, చొంగ కారడం, స్పృహ తప్పడం, ఒక్కోసారి చావు. 2001లో అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో దీన్ని కనిపెట్టారు. పొడవు జుట్టు కోలీల్లో పదింటికి ఏడింటిదాకా, ఆస్ట్రేలియన్ షెపర్డుల్లో దాదాపు సగానికి ఈ లోపం కనిపిస్తుంది. బోర్డర్ కోలీల్లో అరుదు, కానీ లేదని చెప్పలేం. రాయుడి విషయంలో తెనాలి గారు ఇంకా జాగ్రత్త పడాలి.

మందు వేసిన పశువు పేడలో కూడా అది పోతుంది. మన కుక్కలకి పేడ తినే అలవాటు ఉన్న సంగతి తెలిసిందే. వేసిన మందు పేరు సీసా మీద చూసి నాకు చెప్పండి. ఐవర్‌మెక్టిన్ అయితే కొన్ని వారాలు ఆ కొట్టం వైపు వద్దు, సీసాలు, సిరంజిలు కూడా అందనివ్వొద్దు.

ఎండ సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే పని ఆపేయాలి, 106 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకి చెమట దాదాపు లేదు, రొప్పుతూ చల్లబడాలి. విజయవాడ ఉక్కలో రొప్పినా తడి ఆరదు. ఫిబ్రవరి దాటాక పొద్దున 7 తర్వాత పని వద్దు. ఇలాంటి కుక్క తనంతట తాను ఆగదు, మీరే ఆపాలి.

తాడికొండ_గిత్త, డిసెంబరు 22

నా దగ్గర 4 ఒంగోలు పెయ్యలు ఉన్నాయి, ఏడాదిన్నరవి. బీట్లో తిరిగి పెరిగాయి, మనిషిని చూస్తే పది గజాలు జరుగుతాయి. తెనాలి బాబు రాయుణ్ణి తీసుకొస్తే వాటికి కుక్క అంటే ఏమిటో నేర్పుదాం. సంక్రాంతి తర్వాత అమ్మాయి కాటుకని తీసుకురావచ్చు. నేను డబ్బు తీసుకోను. నాకూ చూడాలని ఉంది.

ఉండవల్లి_కాలవ, డిసెంబరు 22

కుక్క కరవదని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

తెనాలి_తిరిగొచ్చా, డిసెంబరు 23

ఇవ్వలేను. ఆవులతో పనిచేసే కుక్కకి కాటు ఒక పనిముట్టు. దాన్ని ఎప్పుడు, ఎక్కడ వాడిందన్నదే లెక్క. గొర్రెల పోటీల్లో పంటి కాటు పడితే చాలాసార్లు అక్కడికక్కడే బయటికి పంపుతారు. ఆవులతో అలా కుదరదు, తిరగబడే ఆవు ముందు కుక్క నిలబడాలి. అందుకని ముందు నుంచి అయితే మూతి మీద, వెనక నుంచి అయితే గిట్టకి పైన, మడమ దగ్గర తక్కువ ఎత్తులో, ఒక్క చిటికె కాటు, వెంటనే వదలాలి. 1840ల్లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో థామస్ హాల్ అనే పశువుల ఆసామి డింగో రక్తం కలిపి తయారుచేసిన కుక్కల నుంచే ఇప్పటి ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ వచ్చింది. మడమ కొరికి, తన్ను తలమీదుగా పోయేలా నేలకి కరుచుకోవడం దాని పుట్టుపని. పక్క కొరికినా, తోక పట్టి వేలాడినా, కారణం లేకుండా కొరికినా మార్కులు పోతాయి, ఆపేస్తారు కూడా. కొరకాల్సిన అవసరం రాకుండా చేసే కుక్కే మంచి కుక్క.

గిత్త గారి పెయ్యల మీద కాటుకకి ఆ అవకాశం ఇవ్వం. పొడవు తాడు ఉంటుంది, పక్కన రాయుడు ఉంటాడు. మీరు కూడా రండి ఉండవల్లి గారూ. చూసి, ఆపమంటే ఆపేద్దాం.

లంకగాలి, జనవరి 19

నిన్న తాడికొండలో గిత్త గారి బీట్లో. పొద్దున 6:30, పల్చటి మంచు. వెదురు గడలతో కంచె, మూడు చోట్ల రెండేసి డ్రమ్ములు పెట్టి గేట్లు, మధ్యలో ఇరుకు సందు, మూల దొడ్డి. రాయుడు మూడు వారాలు ఆ పెయ్యలతో నడిచాడు. తెనాలి అన్నయ్య అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్క పెట్టారు: 100కి 60 రావాలి, ప్రతి భాగంలోనూ కనీసం సగం ఉండాలి, 10 నిమిషాలు.

దొడ్డి గేటు తీశాను. కాటుక "వలప" మీద చుట్టు తిరిగింది, నాలుగు పెయ్యలూ కలిసి బయటికి నడిచాయి. ఆ మొదటి అడుగు నిదానంగా పడింది. మొదటి గేటు దాటాయి. రెండో గేటు దగ్గర ఎర్ర మచ్చ ఉన్న పెయ్య ఆగింది. తిరిగి కాటుకకి ఎదురు నిలబడింది. ముక్కు నుంచి ఆవిరి వస్తోంది, ఒక చెవి కుక్క వైపు, ఒక చెవి నా వైపు. నవంబరు గుర్తొచ్చి నా కాళ్ళు వణికాయి. కాటుక మొరగలేదు. తల దించి ఒక అడుగు వేసింది, ఆగింది. ఇంకో అడుగు, ఆగింది. రెండు ముక్కుల మధ్య జానెడు దూరం లేదు. పెయ్య గట్టిగా ఊపిరి వదిలి మెడ పక్కకి తిప్పింది, తర్వాత ఒళ్ళంతా తిప్పింది. కాటుక అక్కడే కూర్చుంది.

మధ్య సందులో నేను ముందుకు పోయి అడ్డం నిలబడ్డాను, రెండు పెయ్యలు పక్కకి వచ్చేశాయి. దొడ్డి గేటు వేసేసరికి 9 నిమిషాల 40 సెకన్లు. 57 మార్కులు. సందు దగ్గర సగం కూడా రాలేదు. పెయ్యలు దొడ్డిలోకి పోగానే గడ్డి మొదలుపెట్టాయి, ఒక్కటీ రొప్పలేదు. ఉండవల్లి గారు వాటి దగ్గరికి వెళ్ళి ఒక్కోదాని మెడ నిమిరి చూశారు.

గిత్త గారూ, సందు దగ్గర నేను ఎక్కడ నిలబడి ఉండాల్సింది?

తాడికొండ_గిత్త, జనవరి 19

సందు నోటికి నాలుగు గజాలు వెనక, ముందు పెయ్య మూపుకి కొంచెం వెనగ్గా. నువ్వు దారిలో నిలబడితే అది దారి అనుకోదమ్మా, గోడ అనుకుంటుంది. నువ్వు తప్పుకుని ఉంటే కాటుక పని అది చేసుకునేది.

ఉండవల్లి_కాలవ, జనవరి 20

ఎర్ర మచ్చ పెయ్య మొన్న మధ్యాహ్నం కాటుక పడుకున్న చోటికి వచ్చి దాని వీపు వాసన చూసింది. నేను అక్కడే ఉన్నాను. వచ్చే ఆదివారం కూడా వస్తాను. నీళ్ళ తొట్టి ఎండలో ఉంది, చింతచెట్టు కిందికి మారిస్తే బాగుంటుంది.

మంద_వెంట, జనవరి 20

నాన్నని తీసుకురావచ్చా? ఆయన నమ్మడం లేదు, చూస్తానంటున్నాడు.

తెనాలి_తిరిగొచ్చా, జనవరి 20

తప్పకుండా తీసుకురా తమ్ముడూ. ఆదివారం పొద్దున 6 గంటలకి తాడికొండ. ఆయన కర్ర కూడా తెచ్చుకోమను.